రూబ్, ఫార్మర్, కంట్రీ: పాత ఆటగాళ్లకి ఇన్ని బైతు పేర్లేంటి?

స్కోర్‌బుక్_పిచ్చి

పాత అమెరికన్ బేస్‌బాల్ రికార్డులు తిరగేస్తుంటే ఒక విషయం పట్టుకుని వదలడం లేదు. 1900 నుంచి 1930 దాకా ఎక్కడ చూసినా రూబ్‌లే. రూబ్ వాడెల్, రూబ్ మార్క్వార్డ్, రూబ్ ఫాస్టర్, రూబ్ బెంటన్, రూబ్ బ్రెస్లర్, రూబ్ వాల్‌బర్గ్, రూబ్ ఓల్డ్రింగ్. ఆ తర్వాత మెల్లగా మాయమైపోయారు.

రూబెన్ అనేది రైతుల ఇళ్లలో పెట్టుకునే పేరని, అందుకే పట్నంవాళ్లు పల్లెటూరి బైతుని 'రూబ్' అని వెక్కిరించేవాళ్లని తెలుసు. కానీ ఒక ఆటగాణ్ని తోటివాళ్లు, పేపర్లు, జనం అందరూ కలిసి జీవితాంతం అలా పిలవడం ఏంటి? వాళ్లు ఎలా ఊరుకున్నారు? అసలు వీళ్లంతా నిజంగా పల్లెల నుంచి వచ్చినవాళ్లేనా? లిస్టు పడేసి వెళ్లిపోకండి, కాస్త కథలు కూడా కావాలి.

పాత_గ్లవ్

కథ కావాలంటే ముందు వాడెల్ దగ్గర మొదలుపెట్టాలి. మిగతా రూబ్‌లలో సగం మంది ఆయన పుణ్యమే.

అసలు పేరు జార్జ్ ఎడ్వర్డ్ వాడెల్. 1876లో పెన్సిల్వేనియా రాష్ట్రం బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టాడు. ఎడమచేతి పిచర్ (బంతి విసిరేవాడు), భారీ మనిషి, భయంకరమైన వేగం. ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ తరఫున 1902 నుంచి 1907 దాకా వరసగా ఆరేళ్లు అమెరికన్ లీగ్‌లో స్ట్రైకవుట్లలో (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం) ఆయనే ఫస్టు. 1904లో 349 మందిని స్ట్రైకవుట్ చేశాడు. 1965లో సాండీ కోఫాక్స్ 382 కొట్టేదాకా ఆధునిక కాలంలో ఎవరూ దాన్ని దాటలేదు. 1905లో 27 గెలుపులు, తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చిన పరుగుల సగటు 1.48.

ఇక మనిషి సంగతి. ఫైరింజన్ గంట వినపడితే దాని వెనక పరిగెత్తేవాడు. చేపలు పట్టడానికి వెళ్లి మ్యాచ్ రోజు కూడా తిరిగొచ్చేవాడు కాదు. 1900లో మిల్వాకీలో ఆడుతున్నప్పుడు ఒకే రోజు రెండు మ్యాచ్‌లున్నాయి. మొదటిది 17 ఇన్నింగ్స్ (మామూలుగా 9) సాగింది, మొత్తం ఆయనే వేశాడు. రెండోది కూడా వేస్తే చేపల వేటకి సెలవిస్తానని మేనేజర్ కాన్నీ మాక్ (తర్వాత అథ్లెటిక్స్‌కీ ఆయనే మేనేజర్) ఆశ పెట్టాడు. వేశాడు, గెలిచాడు, గాలం పట్టుకుని వెళ్లిపోయాడు! మాక్‌కి ఆయన్ని ఎలా నడిపించాలో తెలుసు. డబ్బులిస్తే ఆ రోజే తాగేస్తాడు కాబట్టి జీతం కొద్దికొద్దిగా చేతిలో పెట్టేవాడట.

మొసళ్లతో కుస్తీ పట్టాడని కూడా అంటారు. వాడెల్ కథల్లో ఎంత నిజమో, ఎంత పేపర్ల వాళ్ల మసాలానో విడదీయడం కష్టం. కానీ ఆ మసాలాకి 'రూబ్' అనే పేరు సరిగ్గా సరిపోయింది. పట్నంలో ఫైరింజన్ చూసి నోరు తెరిచే పల్లెటూరి అమాయకుడు అన్నది అప్పటి నాటకాల్లో అరిగిపోయిన పాత్ర. ఆ పాత్ర మైదానంలో దిగితే టికెట్లు అమ్ముడుపోవా మరి?

నీలిచొక్కా

పాత_గ్లవ్ గారూ, కథలు బాగున్నాయి. కానీ ఒకటి గమనించండి. ఆయన తాగుడు, డబ్బు నిలవకపోవడం, చెప్పకుండా మాయమైపోవడం, ఇవన్నీ ఒక మనిషి కష్టాలు. 'రూబ్' అని పేరు పెట్టేసరికి అన్నీ జోకులైపోయాయి. "వాడంతే, బైతు" అంటే ఇక ఎవరూ ఏమీ పట్టించుకోనక్కర్లేదు. 1908లో మాక్ కూడా ఓపిక నశించి సెయింట్ లూయిస్‌కి అమ్మేశాడు కదా.

పాత_గ్లవ్

అమ్మేశాడు. అదే ఏడాది జులైలో వాడెల్ ఆ పాత జట్టు మీదే 16 స్ట్రైకవుట్లు తీశాడు.

మీరన్నది కాదనను. ఆయన చివరి రోజులు వింటే నవ్వు రాదు. 1912లో కెంటకీలోని హిక్‌మన్ అనే ఊరికి వరద వచ్చింది. ఆ చలినీళ్లలో గంటల తరబడి నిలబడి ఇసక బస్తాలు వేశాడు. న్యుమోనియా పట్టుకుంది, తర్వాత క్షయ. 1914 ఏప్రిల్ 1న టెక్సస్‌లో శాన్ అంటోనియోలో పోయాడు. 37 ఏళ్లు. హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి (గొప్ప ఆటగాళ్ల గౌరవ జాబితా) 1946లో గానీ తీసుకోలేదు.

ఎడమచేతి_స్పిన్నర్

నాకు బేస్‌బాల్ అంతంత మాత్రం, క్రికెట్ మనిషిని. ఒక డౌటు. మీరు చెప్పిన లిస్టులో ఎంతమంది ఎడమచేతి వాళ్లు?

పాత_గ్లవ్

భలే పట్టారు. వాడెల్, మార్క్వార్డ్, బెంటన్, బ్రెస్లర్, వాల్‌బర్గ్, ఇంకా కబ్స్‌కి ఆడిన రూబ్ క్రో, ఆరుగురూ ఎడమచేతి పిచర్లే. బ్రెస్లర్ తర్వాత పిచింగ్ మానేసి బ్యాటర్ అయ్యాడు, అది వేరే సంగతి. ఎడమచేతి పిచర్లకి కాస్త తిక్క ఉంటుందని బేస్‌బాల్‌లో పాత నమ్మకం. వాడెల్ వచ్చాక ఆ నమ్మకానికి ఒక మొహం దొరికింది. పొడుగ్గా, ఎడమచేత్తో, గట్టిగా విసిరే కుర్రాడు కనిపిస్తే చాలు, పేపర్లో "ఇంకో రూబ్" అని రాసేసేవాళ్లు. అంటే ఆ పేరు పల్లెటూరి ముద్ర నుంచి జారి వాడెల్ ముద్రగా మారిపోయింది.

దీనికి అసలైన సాక్ష్యం మార్క్వార్డ్. ఆయన అసలు పేరు రిచర్డ్. క్లీవ్‌లాండ్‌లో పుట్టాడు, పక్కా పట్నం కుర్రాడు, పొలం గట్టు తొక్కిన మనిషి కాదు. ఇండియానాపొలిస్‌కి ఆడుతుంటే అక్కడి విలేకరి ఒకాయన వాడెల్‌తో పోల్చి రాశాడు, అంతే, పేరు అతుక్కుపోయింది. 1908లో న్యూయార్క్ జెయింట్స్ 11,000 డాలర్లకు కొన్నారు. అప్పట్లో అది కళ్లు తిరిగే మొత్తం. మొదట్లో సరిగా ఆడకపోతే "11,000 డాలర్ల నిమ్మకాయ" (అంటే పనికిరాని సరుకు) అని ఏడిపించారు. 1912లో వరసగా 19 మ్యాచ్‌లు గెలిచి అందరి నోళ్లూ మూయించాడు.

తాను బైతు రకం కాదని, ఆ పేరు వాడెల్ వల్ల వచ్చిందని ముసలితనంలో కూడా వివరించుకోవాల్సి వచ్చింది పాపం.

మబ్బుతునక

అసలు పేరు రిచర్డ్ అన్నారు కదా, ఇంకో తమాషా. ఇంగ్లిష్‌లో పల్లెటూరివాణ్ని తక్కువ చేసే ఇంకో మాట 'హిక్'. అది రిచర్డ్‌కి పాత ముద్దుపేరు. అంటే మార్క్వార్డ్‌ని రూబెన్ పేరుతో పిలిచినా సొంత పేరుతో పిలిచినా బైతు అనే అన్నట్టు. తప్పించుకునే దారే లేదు :)

స్కోర్‌బుక్_పిచ్చి

హహ. అయితే బేస్‌బాల్‌లో 'హిక్'లు కూడా ఉన్నారుగా? హిక్ కార్పెంటర్, హిక్ కేడీ.

పాత_గ్లవ్

ఉన్నారు. కానీ కార్పెంటర్‌ని ఇందులో కలపకండి. 1880ల్లో సిన్సినాటికి ఎడమచేత్తో థర్డ్ బేస్ ఆడిన అరుదైన మనిషి. ఆయన 'హిక్' హికరీ చెట్టు నుంచి వచ్చింది, 'ఓల్డ్ హికరీ' అని పిలిచేవాళ్లు. కేడీ బోస్టన్ క్యాచర్, ఇల్లినాయ్‌లో బిషప్ హిల్ అనే చిన్న పల్లెవాడు.

పేరు ఒకటే అయినా ఎలా వచ్చిందో ఒక్కొక్కరిది విడిగా చూసుకోవాలి. రూబ్ ఓల్డ్రింగ్‌నే తీసుకోండి. అసలు పేరే రూబెన్, పుట్టింది న్యూయార్క్ నగరంలో! జెయింట్స్‌కి ఆడిన రూబ్ షావర్ అయితే ఒడెస్సాలో పుట్టాడు. రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చినవాడికి అమెరికన్ పల్లెటూరి పేరు.

మబ్బుతునక

ఇప్పుడు రూబ్ ఫాస్టర్ గురించి మాట్లాడాలి, లేకపోతే ఈ చర్చ సగమే.

ఆండ్రూ ఫాస్టర్, 1879, టెక్సస్‌లో కాల్వర్ట్. నల్లజాతివాడు కాబట్టి మేజర్ లీగ్‌లో అడుగు పెట్టనివ్వలేదు. పిచర్‌గా అప్పట్లో దేశంలోనే గొప్పవాళ్లలో ఒకడు. ఒక ఎగ్జిబిషన్ మ్యాచ్‌లో రూబ్ వాడెల్ మీదే గెలిచాడని, అందుకే ఆ పేరు ఆయనకొచ్చిందని ఎప్పటినుంచో చెప్పుకుంటారు. మ్యాచ్ ఏది, ఏ ఏడాది అని చరిత్రకారులు కొట్టుకుంటూనే ఉన్నారు. నాకు ఆసక్తి మ్యాచ్ మీద కాదు, ఆ కథ నిలబడిన తీరు మీద. తెల్లవాళ్ల లీగ్‌లో అందరికంటే వేగంగా వేసేవాడి పేరుని, ఆ లీగ్ గుమ్మం కూడా తొక్కనివ్వని మనిషి గెలుచుకుని తెచ్చుకున్నాడని నల్లజాతి అభిమానులు చెప్పుకున్నారు. అక్కడ 'రూబ్' వెక్కిరింత కానే కాదు, గెలిచి తెచ్చుకున్న కప్పు.

ఆయన తర్వాత షికాగో అమెరికన్ జెయింట్స్ జట్టు నడిపాడు. 1920 ఫిబ్రవరి 13న కాన్సాస్ సిటీలో వైఎంసీఏ భవనంలో మిగతా జట్ల యజమానుల్ని కూర్చోబెట్టి నీగ్రో నేషనల్ లీగ్ పెట్టించాడు. షెడ్యూళ్లు వేయడం, ఆటగాళ్లని జట్ల మధ్య సర్దడం, గేటు వసూళ్లలో 5 శాతం లీగ్‌కి తీసుకోవడం, అన్నీ ఆయనే. అమాయకపు పల్లెటూరి బైతు అని పేరున్న మనిషి చేసిన పని ఇది. 1930లో పోయాడు, 1981లో హాల్ ఆఫ్ ఫేమ్.

అదే కాలంలో ఇంకో రూబ్ ఫాస్టర్ కూడా ఉన్నాడు. తెల్లవాడు, జార్జ్ ఫాస్టర్, బోస్టన్ రెడ్ సాక్స్ పిచర్, ఓక్లహోమా ప్రాంతం మనిషి. 1915 వరల్డ్ సిరీస్‌లో రెండు మ్యాచ్‌లు గెలిచాడు, 1916 జూన్‌లో యాంకీస్ మీద నో-హిట్టర్ (ఎదుటి జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) వేశాడు. ఇద్దర్నీ కలిపేసే పోస్టులు నెట్‌లో బోలెడు, జాగ్రత్త.

నీలిచొక్కా

ఫాస్టర్ విషయం ఒప్పుకుంటాను, అది గెలుచుకున్న పేరు. కానీ మిగతావాళ్లకి? పేరు పెట్టింది ఎవరో చూడండి. విలేకరులు, మేనేజర్లు, జట్టు సీనియర్లు. పెట్టించుకున్నది ఎవరు? రైలు దిగి మొదటిసారి పెద్ద నగరం చూస్తున్న ఇరవై ఏళ్ల కుర్రాడు. 1900 జనగణన ప్రకారం అమెరికాలో ఊళ్లలో ఉన్నవాళ్లే ఎక్కువ, సుమారు 60 శాతం. నగరాల్లో ఉండేవాళ్లు సగం దాటింది 1920లోనే. అంటే ఈ రూబ్‌ల కాలం మొత్తం ఊళ్లు ఖాళీ అవుతూ నగరాలు ఉబ్బుతున్న కాలం. నిన్న మొన్న పల్లె వదిలి వచ్చినవాడు ఇవాళ కొత్తగా వచ్చినవాణ్ని 'రూబ్' అంటాడు, తను పట్నంవాణ్నని నిరూపించుకోవడానికి. స్టాండ్స్‌లో కూర్చుని వెక్కిరించిన వాళ్లలో సగం మంది తాతలు నాగలి పట్టినవాళ్లే.

షూలెస్ జో జాక్సన్‌ని చూడండి. దక్షిణ కరొలైనాలో బట్టల మిల్లులో పని చేసిన పిల్లాడు, చదువు లేదు. కొత్త బూట్లు కాళ్లు కోసేస్తే ఒక్క మ్యాచ్ సాక్సులతో ఆడాడు, జీవితాంతం 'చెప్పుల్లేని జో' అయిపోయాడు. ఆయనకి ఆ పేరు ఇష్టం లేదు. బ్యాటింగ్ సగటు .356 ఉన్న మనిషికి మిగిలిన పేరు అది.

రింగ్‌సైడ్

నీలిచొక్కా బ్రో, ఒక కోణం మర్చిపోతున్నావు. బైతు వేషం వేసుకుని డబ్బులు చేసుకున్నవాళ్లూ ఉన్నారు!

కుస్తీలో మార్టిన్ 'ఫార్మర్' బర్న్స్, అయోవా. 1861లో పుట్టాడు. 1889లో షికాగో వెళ్లి పేరున్న మల్లయోధులతో తలపడటానికి పొలం పనుల ఓవరాల్స్‌తోనే రింగ్ ఎక్కాడని, జనం నవ్వారని, ఆ నవ్వులోంచే 'ఫార్మర్' పేరొచ్చిందని కథ. 1895లో ఇవాన్ 'స్ట్రాంగ్లర్' లూయిస్‌ని ఓడించి అమెరికన్ చాంపియన్ అయ్యాడు. మెడ చుట్టుకొలత 20 అంగుళాలు. మెడకి ఉరితాడు వేయించుకుని ఆరడుగులు కిందికి దూకి వేలాడుతూ విన్యాసాలు చేసేవాడు. 1914లో పోస్టు ద్వారా కుస్తీ పాఠాలు అమ్మాడు. ఇంతకంటే తెలివైన రైతుని చూపించు.

ఆయన శిష్యుడే ఫ్రాంక్ గోచ్, 1908లో హాకెన్‌ష్మిట్‌ని ఓడించి ప్రపంచ చాంపియన్ అయినవాడు. అంతకుముందు 1901లో బంగారం గనులున్న క్లాండైక్ వెళ్లాడు, అసలు పేరు దాచి ఫ్రాంక్ కెనెడీ అని. ఎవరో ఊరూపేరూ లేనివాడు కదా అని గనివాళ్లు పందేలు కాసేవాళ్లు, ఓడిపోయేవాళ్లు. ఎదుటివాడు మనల్ని తక్కువ అంచనా వేస్తే లాభం మనకే, బర్న్స్ బడిలో మొదటి పాఠం అదే అనుకుంటా.

సర్కస్ వాళ్లకి 'హే రూబ్!' అని ఒక కేక ఉండేది. స్థానికులతో గొడవ మొదలైతే ఎవరో ఆ కేక పెడతారు, గుడారంలో ఉన్న ప్రతివాడూ కర్ర పట్టుకుని పరిగెత్తుకొస్తాడు. సర్కస్ వాళ్ల దృష్టిలో టికెట్ కొనే ప్రతివాడూ రూబే. 1950లకి వచ్చేసరికి ఆ రూబే రింగ్‌లో హీరో అయ్యాడు. హేస్టాక్స్ కాల్హూన్, 600 పౌండ్లకు పైగా, ఓవరాల్స్, మెడలో గుర్రపు నాడా. టెక్సస్‌లో పుట్టినా ఆర్కన్సాలో ఏదో మారుమూల పల్లె వాడని ప్రకటించేవాళ్లు. మారుమూల అనేది అప్పటికే అమ్ముడయ్యే సరుకు.

స్కోర్‌బుక్_పిచ్చి

రింగ్‌సైడ్, ఈ ఫార్మర్ బర్న్స్ ఉరితాడు ఫొటో నేనూ చూశాను. చూసిన రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

ఒక ప్రశ్న. సై యంగ్ కూడా ఇదే కోవలోకి వస్తాడా? 'సై' అంటే సైక్లోన్ అని చదివాను.

పాత_గ్లవ్

రెండు కథలున్నాయి. డెంటన్ ట్రూ యంగ్, 1867లో ఒహాయోలో గిల్మోర్ అనే పల్లెలో రైతు కుటుంబంలో పుట్టాడు. 1890లో క్యాంటన్‌లో ట్రయల్‌కి వెళ్తే ఆయన వేసిన బంతులు చెక్క కంచెని విరగ్గొట్టాయని, సైక్లోన్ వచ్చి వెళ్లినట్టుందని అన్నారని, అదే కురచై 'సై' అయిందని అందరికీ తెలిసిన కథ. రెండోది, అప్పటి హాస్య నాటకాల్లో రైతుకి సైరస్, సైలస్ అని పేరు పెట్టి 'సై' అని పిలవడం మామూలు. పొలం నుంచి వచ్చిన ఏ కుర్రాడికైనా ఆ పేరు తగిలించేవాళ్లు. యంగ్‌ని 'ఫార్మర్ యంగ్' అని కూడా పిలిచేవాళ్లు. రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూస్తే నా ఓటు రెండో కథకే. మొదటిది పెద్దవాడయ్యాక అందంగా అతికించినట్టుంది.

511 గెలుపులు, ఇప్పటికీ రికార్డు. 1955లో పోయాడు, 1956 నుంచి ఉత్తమ పిచర్‌కి ఆయన పేరుతో అవార్డు ఇస్తున్నారు. నేను చెప్పిందే నిజమైతే, బేస్‌బాల్‌లో ప్రతి పిచర్ కలలు కనే అవార్డు పేరు ఒక బైతు పేరు.

ఇంకో సై ఉన్నాడు, సై విలియమ్స్. ఇండియానా పల్లెవాడు, ఫిలడెల్ఫియా ఫిలీస్ హిట్టర్. నోటర్‌డేమ్‌లో ఆర్కిటెక్చర్ చదివాడు, రిటైరయ్యాక విస్కాన్సిన్‌లో భవనాలు కట్టించాడు. ఆయనకీ 'సై' తప్పలేదు.

సరే, రూబ్ వర్సెస్ సై గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. 1904 మే 5న బోస్టన్‌లో సై యంగ్ పర్ఫెక్ట్ గేమ్ వేశాడు, ఒక్క బ్యాటర్‌ని కూడా బేస్ ఎక్కనివ్వకుండా 27 మందినీ అవుట్ చేశాడు. ఎదుటి పిచర్ వాడెల్. 27వ బ్యాటర్ కూడా వాడెలే, గాల్లోకి లేపి క్యాచ్ ఇచ్చాడు. మరుసటేడు జులై 4న మళ్లీ తగులుకున్నారు. ఇద్దరూ మొత్తం 20 ఇన్నింగ్స్ వేశారు, ఈసారి 4-2తో వాడెల్ జట్టు గెలిచింది. యంగ్‌ని ఓడించిన ఆ బంతి ఇదేనని చెప్పి వాడెల్ బార్‌లో ఇచ్చి మందు తాగాడని, అలాంటి బంతులు చాలా బార్లలో తేలాయని జోకు.

ఎడమచేతి_స్పిన్నర్

క్రికెట్‌లో కూడా ఒక ఫార్మర్ ఉన్నాడు. సోమర్సెట్ ఎడమచేతి స్పిన్నర్ జె.సి. వైట్, అందరూ 'ఫార్మర్' అనే పిలిచేవాళ్లు. నిజంగానే వ్యవసాయం చేసేవాడు. 1929 అడిలైడ్ టెస్టులో 124.5 ఓవర్లు వేసి 13 వికెట్లు తీశాడు, ఇంగ్లండ్ 12 పరుగులతో గెలిచింది. 124 ఓవర్లు! ఇప్పుడు ఒక స్పిన్నర్ సిరీస్ మొత్తానికి అన్ని వేస్తే వెన్నునొప్పి అంటాడు.

అయితే క్రికెట్‌లో వెక్కిరింత మనిషి పేరులో కంటే షాట్ పేరులో కనిపిస్తుంది. అడ్డంగా ఊపితే కామెంటేటర్ 'అగ్రికల్చరల్ షాట్' అంటాడు. బంతి వెళ్లే చోటు 'కౌ కార్నర్'. ఈ మాటలు ఇప్పుడు వింటే ఎవరికీ కోపం రాదు, అలవాటైపోయాయి. టీ20లో కోట్లు తెచ్చేది ఆ మూలే.

నీలిచొక్కా

మంచి పాయింటు. వైట్‌ని 'ఫార్మర్' అన్నది ఆయన పనిని బట్టి. భూమి ఉన్న మర్యాదస్తుడు, ఇంగ్లండ్‌కి కెప్టెన్‌గా కూడా చేశాడు. పని పేరు పెట్టి పిలవడం వేరు, 'నీకేం తెలీదు' అనే అర్థంతో పిలవడం వేరు.

బోస్టన్_గ్రీన్

బాస్కెట్‌బాల్ లేరీ బర్డ్ ఏడీ? 'ద హిక్ ఫ్రమ్ ఫ్రెంచ్ లిక్'. ఇండియానాలో ఫ్రెంచ్ లిక్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. 1974లో ఇండియానా యూనివర్సిటీలో చేరి నెల తిరక్కుండా ఇంటికెళ్లిపోయాడు, అంత పెద్ద క్యాంపస్ ఆయనకి పడలేదు. ఊళ్లో మున్సిపాలిటీ పని చేశాడు, చెత్త ట్రక్కుతో సహా. తర్వాత ఇండియానా స్టేట్‌లో చేరి 1979లో జట్టుని ఫైనల్‌కి తీసుకెళ్లాడు, ఎదురుగా మ్యాజిక్ జాన్సన్. సెల్టిక్స్‌తో 1981, 84, 86లో టైటిళ్లు, 1984 నుంచి 86 దాకా వరసగా మూడు ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అవార్డులు.

ఆయన 'హిక్' అన్న మాటకి సిగ్గుపడలేదు, తనే వాడుకున్నాడు. అలా అనుకున్న డిఫెండర్లందరికీ ముందే చెప్పి మరీ మొహం మీద షాట్ వేసేవాడు. నోటి దురుసులో బర్డ్‌ని మించినవాడు లేడు, బైతు అంటే మాటలు రానివాడు అనుకుంటే బర్డ్ దగ్గర అది చెల్లదు.

మబ్బుతునక

బర్డ్ విషయంలో ఇంకొకటి ఉంది. 80ల నాటికి ఎన్‌బీఏలో నల్లజాతి ఆటగాళ్లే ఎక్కువ. అక్కడ 'పల్లెటూరి తెల్ల కుర్రాడు' అన్నది వెక్కిరింత కంటే మార్కెటింగ్‌గా ఎక్కువ పనిచేసింది. అదే మాట 1905లో ఒక అర్థం, 1985లో ఇంకో అర్థం.

పాత_గ్లవ్

మార్కెటింగ్ అంటే గుర్తొచ్చింది. ఇప్పటిదాకా మనం మాట్లాడింది ఇతరులు వెక్కిరిస్తూ పెట్టిన పేర్లు. యజమాని కూర్చుని కల్పించిన పల్లెటూరి పేరు ఒకటుంది, క్యాట్‌ఫిష్ హంటర్.

జిమ్ హంటర్, నార్త్ కరొలైనాలో హెర్ట్‌ఫర్డ్ పక్క రైతు బిడ్డ. 1964లో అథ్లెటిక్స్ యజమాని చార్లీ ఫిన్లీ 75,000 డాలర్ల బోనస్‌తో తీసుకున్నాడు. (అవును, వాడెల్ ఆడిన అదే అథ్లెటిక్స్. అప్పటికి ఫిలడెల్ఫియా వదిలి కాన్సాస్ సిటీలో ఉంది.) ఫిన్లీకి ఏదో ఒక ముద్దుపేరు కావాలి. "చిన్నప్పుడు ఇంట్లోంచి పారిపోయావు, వెతికితే చేపలు పడుతూ దొరికావు, ఎవరైనా అడిగితే ఇదే చెప్పు" అన్న అర్థంలో కథ అల్లి చేతిలో పెట్టాడు. హంటర్ సరే అన్నాడు. సొంత ఊళ్లో మాత్రం చివరిదాకా జిమ్మీయే.

తర్వాత ఏం జరిగిందో చూడండి. 1974లో కాంట్రాక్టులో ఒక షరతు ఫిన్లీ పాటించలేదు, హంటర్ మధ్యవర్తి దగ్గరికి వెళ్లి గెలిచి ఫ్రీ ఏజెంట్ (ఏ జట్టుకైనా వెళ్లగలిగే ఆటగాడు) అయ్యాడు. అప్పుడు పెద్ద నగరాల జట్ల యజమానులు, ఏజెంట్లు విమానాలెక్కి నార్త్ కరొలైనాలో అహోస్కీ అనే చిన్న ఊరికి క్యూ కట్టారు. ఎందుకంటే హంటర్ లాయరు ఆఫీసు అక్కడుంది. చివరికి యాంకీస్ ఐదేళ్లకి 30 లక్షల డాలర్లకు పైగా ఇచ్చి తీసుకున్నారు. కథ అల్లిన పెద్దమనిషి ఓడిపోయాడు, 'క్యాట్‌ఫిష్' మాత్రం హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాడు.

నీలిచొక్కా

ఈ కథలో పిచర్ విడా బ్లూ కూడా ఉన్నాడు. అదే జట్టు, అదే ఫిన్లీ. లూయిజియానాలో మాన్స్‌ఫీల్డ్ నుంచి వచ్చిన కుర్రాడు. 1971లో అందరూ ఆయన గురించే మాట్లాడుతుంటే ఫిన్లీ పేరు మార్చుకోమన్నాడు, 'ట్రూ బ్లూ' అని పెట్టుకుంటే 2,000 డాలర్లిస్తానన్నాడు. విడా అన్నది వాళ్ల నాన్న పేరు. బ్లూ కుదరదన్నాడు, అంత ఇష్టమైతే మీరే ట్రూ అని పెట్టుకోండి అన్నట్టు తిప్పికొట్టాడు. ఆ ఏడాదే సై యంగ్ అవార్డూ, ఎంవీపీ రెండూ గెలిచాడు.

వాడెల్ కాలంలో ఇలా 'కుదరదు' అని ఎవరన్నారు? అనే వీలు ఎవరికుంది?

పాత_గ్లవ్

అందరూ బాధపడ్డారని కూడా అనుకోకండి. ఈనోస్ 'కంట్రీ' స్లాటర్‌ని అడిగితే గర్వంగా చెప్పేవాడు. నార్త్ కరొలైనాలో రాక్స్‌బరో, పొగాకు పొలాల మధ్య పుట్టాడు. కొలంబస్‌లో మేనేజర్ బర్ట్ షాటన్ ఆ పేరు పెట్టాడు. 1946 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో హ్యారీ వాకర్ కొట్టిన బంతికి ఫస్ట్ బేస్ నుంచి ఆగకుండా ఇంటిదాకా పరిగెత్తి సెయింట్ లూయిస్‌ని గెలిపించాడు. ఆ పరుగు గురించి ఇప్పటికీ మాట్లాడతారు.

టామ్ 'ప్లౌబాయ్' మోర్గాన్‌ది ఇంకా సరదా. 50ల్లో యాంకీస్ పిచర్, కాలిఫోర్నియావాడు. మైదానంలోకి నాగలి వెనక నడిచేవాడిలా భారంగా అడుగులేసుకుంటూ వస్తాడని ఆ పేరు. నడక చూసి పెట్టారంతే, ఊరితో సంబంధం లేదు.

మబ్బుతునక

జట్ల పేర్లు కూడా ఇలాగే. నెబ్రాస్కా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుని ఒకప్పుడు 'బగ్‌ఈటర్స్' అనేవాళ్లు, పురుగులు తినేవాళ్లు. లింకన్‌లో ఒక స్పోర్ట్స్ ఎడిటర్‌కి అది నచ్చక 1900లో 'కార్న్‌హస్కర్స్' అని రాయడం మొదలుపెట్టాడు. మొక్కజొన్న ఒలిచేవాళ్లు. పురుగుల కంటే నయం కదా! ఆ ఎడిటర్ పేరు 'సై' షెర్మన్ :)

స్కోర్‌బుక్_పిచ్చి

ఇంకో సై! ఈ చర్చ మొదలుపెట్టినందుకు నాకు నేనే థాంక్స్ చెప్పుకుంటున్నా.

చివరి ప్రశ్న. ఆఖరి రూబ్ ఎవరు?

పాత_గ్లవ్

పెద్ద లీగ్‌లో బాగా తెలిసిన చివరివాళ్లలో రూబ్ వాకర్‌ని చెప్పుకోవాలి. అసలు పేరు ఆల్బర్ట్, నార్త్ కరొలైనాలో లెనోర్. డాడ్జర్స్ రెండో క్యాచర్. 1951 అక్టోబర్ 3న జెయింట్స్ బ్యాటర్ బాబీ థామ్సన్ ఆ చరిత్రాత్మక హోమ్ రన్ కొట్టినప్పుడు ప్లేట్ వెనక కూర్చున్నది ఈయనే, మొదటి క్యాచర్ రాయ్ కాంపనెల్లాకి గాయమైంది కాబట్టి. తర్వాత మెట్స్ పిచింగ్ కోచ్ అయ్యాడు, 1969లో వాళ్లు వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు టామ్ సీవర్, నోలన్ ర్యాన్ ఆయన చేతి కిందివాళ్లే. పిచర్లకి నాలుగో రోజు కాకుండా ఐదో రోజు బంతి ఇచ్చే పద్ధతిని గట్టిగా పట్టుకున్నది ఆయన.

అమెరికన్ లీగ్‌లో వాడెల్ 349ని చివరికి దాటిందీ ఆ ర్యానే, 1973లో 383తో.

రింగ్‌సైడ్

హాకీలో రూబ్ బ్యార్క్‌మన్ ఉన్నాడు, మిన్నెసోటా, 1952 ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన అమెరికా జట్టు. కానీ అసలు పేరే రూబెన్, కాబట్టి లిస్టులో వేయాలో వద్దో మీరే తేల్చండి.

నీలిచొక్కా

వేయొద్దు. సొంత పేరుకి కురచ అది.

రింగ్‌సైడ్

అయితే ఓల్డ్రింగ్‌నీ తీసెయ్యాలి మరి.

స్కోర్‌బుక్_పిచ్చి

ఓల్డ్రింగ్ ఉంటాడు. నా లిస్టు, నా ఇష్టం. ఫిన్లీ పెట్టిన పేర్ల మీద ఎవరైనా కొత్త చర్చ తెరవండి, 'బ్లూ మూన్' ఓడమ్ గురించి అక్కడ అడుగుతా.